వంతెన దూలములలో దాగిన లోపములు

కడప జిల్లాలో నదులకు కొదువ లేదు. పెన్న జమ్మలమడుగును, ప్రొద్దుటూరును ఒరసికొని పోవును. చిత్రావతి, కుందూ, పాపాఘ్ని, చెయ్యేరు వచ్చి దానిలో కలియును. ఏడాదిలో అనేక మాసములు ఈ నదులలో నీటికంటె ఇసుకయే హెచ్చుగా కానవచ్చును. వానలు కురిసి, పైనున్న జలాశయముల తలుపులు ఎత్తిననాడు మాత్రము వీని తీరు వేరు. జమ్మలమడుగునుండి ముద్దనూరు పోవలెనన్నను, ప్రొద్దుటూరునుండి ఎర్రగుంట్ల చేరవలెనన్నను పెన్నను దాటక తప్పదు. పులివెందులనుండి కడపకు బయలుదేరినవారు పాపాఘ్నిని దాటవలెను. కడప ఆసుపత్రికి పోవు రోగియు, చీనీకాయలు నింపుకొని పోవు లారీయు, పరీక్ష వ్రాయబోవు విద్యార్థియు, సిమెంటు బస్తాలు మోయు బండియు అందరును ఆధారపడునది వంతెనమీదనే.

ఆ వంతెన ఎంత గట్టిది? ఇది ఇంజనీర్లకు మాత్రమే సంబంధించిన ప్రశ్న కాదు. 1902లో ముద్దనూరు ప్రాంతమున మంగపట్నము వద్ద రైలు వంతెన వరదకు కొట్టుకొనిపోగా మద్రాసు మెయిలు బండి వాగులో కూలి పెక్కుమంది మరణించిరి. 2021 నవంబరు వరదలలో కమలాపురము వద్ద పాపాఘ్నిపైనున్న వంతెన కూలినది. అదే మాసమున జమ్మలమడుగు–ముద్దనూరు మార్గమున పెన్నపైనున్న వంతెన కుంగినది. ఇవన్నియు వరద తెచ్చిన కష్టములు. నీరు పునాదుల చుట్టునున్న ఇసుకను కోసివేసి స్తంభమునకు అడుగున ఆధారము లేకుండ చేయును. ఇది వెలుపలినుండి వచ్చు శత్రువు. దీనితోబాటు లోపలనే పుట్టి లోపలనే పెరుగు శత్రువు మరియొకటి కలదు. అది కాంక్రీటు దూలము కడుపులో దాగియుండు లోపము. దానికి వరద అవసరము లేదు. ఎండకాలమున, ఆకాశము నిర్మలముగా నున్నప్పుడు కూడ అది తన పని తాను చేసికొని పోవుచుండును. దూలమును పగులగొట్టకుండ ఆ లోపమును కనుగొను విధము లెట్టివో, అవి ఎంతవరకు నమ్మదగినవో ఈ ప్రసంగమున చెప్పదలచితిమి.

ముందుగా దూలము పని ఏమో చూతము. రెండు స్తంభములమీద పరచిన దూలముపై బరువు పడినప్పుడు అది కొంచెము వంగును. వంగినప్పుడు దాని పైభాగము నొక్కుకొనును, అడుగుభాగము సాగును. కాంక్రీటు నొక్కుడుకు బాగుగా ఓర్చును గాని సాగుడుకు ఓర్వలేదు. కాబట్టి అడుగుభాగమున ఇనుపకమ్మీలు వేయుదురు. కాంక్రీటు, కమ్మీ ఒకదాని నొకటి గట్టిగా పట్టుకొనియున్నంత కాలము దూలము నిలుచును. పైగా కాంక్రీటు కమ్మీకి కాపుదల కూడ. సిమెంటులోని సున్నపు గుణము వలన కమ్మీమీద కంటికి కానరాని సన్నని పొర యొకటి ఏర్పడి తుప్పును దరికి రానీయదు.

లోపము పుట్టుట ఎట్లన, కమ్మీలు దట్టముగా నున్నచోట కంకర ఇరుకుకొని, సిమెంటు, ఇసుక కలిసిన ముద్ద క్రిందికి దిగదు. వైబ్రేటరుతో చాలినంత కదిలింపనిచో, సెంట్రింగు పలకల సందులనుండి సిమెంటు పాలు కారిపోయినచో, కంకర రాళ్లు ఒకదానికొకటి తగులుచు మధ్య ఖాళీలు మిగులును. దీనిని తేనెపట్టు వంటి గుల్ల యందురు. పలకలు విప్పిన పిమ్మట పైకి కనబడు గుల్లను మేస్త్రీ చూచును, ఇంజనీరు చూచును. దానిమీద సిమెంటు పూసి నునుపు చేసినచో ఇక ఎవ్వరును చూడరు. పైన పటారము, లోన లొటారము అన్న సామెత ఇట్టి దూలమునకు సరిగా సరిపోవును. ఆ గుల్లలగుండ నీరు, గాలి లోనికి పోయి కమ్మీని చేరును. తుప్పు పట్టిన ఇనుము మొదటికంటె రెట్టింపును మించిన స్థలమును ఆక్రమించును. చోటు చాలక చుట్టునున్న కాంక్రీటును లోపలినుండి నెట్టును. అప్పుడు కమ్మీ వెంబడి పగులు పుట్టి, తుదకు పెచ్చు ఊడును.

పొడవైన వంతెనలలో మరియొక పద్ధతి కలదు. కాంక్రీటులో సన్నని గొట్టములు అమర్చి, వానిలో గట్టి ఉక్కుతీగెలు దూర్చి, కాంక్రీటు గట్టిపడిన తరువాత యంత్రముతో వానిని లాగి బిగించి చివరల బంధింతురు. ఆ బిగువు కాంక్రీటును ఎల్లప్పుడును నొక్కి పట్టియుంచుట వలన సాగుడు దానికి సోకదు. దీనినే ప్రీస్ట్రెస్డ్ కాంక్రీటు అందురు. బిగించిన పిదప ఆ గొట్టమునందు సిమెంటు పాలు నింపవలెను. తీగెకు తుప్పు సోకకుండ కాపాడునది ఆ పాలే. గొట్టము దూలము పొడవున వంపుగా సాగును. వంపు ఎత్తుగా నున్నచోట గాలి చిక్కుకొని, పాలు నిండక ఖాళీ మిగులుట కలదు. ఆ ఖాళీలోనికి చెమ్మ చేరినచో తీగె నిశ్శబ్దముగా క్షీణించును. మామూలు కమ్మీ తుప్పుపట్టినప్పుడు పగుళ్లు, మరకలు ముందుగా హెచ్చరించును. గొట్టములోని తీగె తెగుట అట్టి హెచ్చరిక లేకయే జరుగవచ్చును.

ఇది ఊహ కాదు. వేల్సు దేశమున 1953లో కట్టిన ఇనిస్-ఇ-గ్వాస్ అను చిన్న వంతెన 1985 డిసెంబరు 4వ తేదీన హఠాత్తుగా కూలినది. దానిమీద ఆ సమయమున ఏ బండియు లేకపోవుట అదృష్టము. కాంక్రీటు ముక్కల అతుకుల వద్ద తీగెలు తుప్పుపట్టియుండెను. మరుసటి యేట, 1986 జూలై 5వ తేదీన, గోవాలో పణజి వద్ద మాండవి నదిపై నున్న నెహ్రూ వంతెన కూలినది. అదియు పదునేడేండ్లైనను నిండని కట్టడము. అచ్చటను తీగెల తుప్పే ముఖ్యకారణముగా చెప్పబడినది. ఇనిస్-ఇ-గ్వాస్ అనుభవము తరువాత 1992లో బ్రిటన్ రహదారుల అధికారులు గొట్టములలో తీగెలు బిగించి పాలు నింపు పద్ధతిని క్రొత్త వంతెనలలో కొన్ని సంవత్సరములు నిలిపివేసిరి. పాలు సరిగా నిండినవో లేదో తెలిసికొను ఉపాయము లేనిచో పద్ధతియే నమ్మదగినది కాదని వారి భావము. 2018 ఆగస్టు 14వ తేదీన ఇటలీలో జెనోవా నగరపు వంతెన కూలి 43 మంది మరణించినప్పుడు కాంక్రీటు నడుమ దాగిన ఉక్కు సంగతి మరల లోకమంతయు చర్చించినది.

దూలమును కోసి చూచినచో లోపము తెలియును, కాని దూలము పోవును. కాబట్టి వస్తువును చెరుపకుండ దాని లోతు తెలిసికొనవలెను. ఈ ఆలోచన మనకు క్రొత్త కాదు. కుండను కొనువారు వ్రేలితో తట్టి వినిగాని డబ్బు ఇయ్యరు. గనిలో నాపబండను సుత్తితో తట్టినప్పుడు ఖంగుమన్నచో మంచిది, బొదబొదమన్నచో లోన పగులున్నది. ప్రొద్దుటూరు బంగారు అంగళ్లలో గీటురాయిమీద గీచి వన్నె చూచుట తరతరముల విద్య. ఈ కాలమున ఎక్సురే యంత్రము క్రింద నగను పెట్టి నిమిషములో బంగారము పాలు చెప్పుచున్నారు. అయితే ఆ యంత్రము చూచునది నగ పైపొరనే. లోపల లక్కయున్నదో, ఇత్తడియున్నదో దానికి తెలియదు. వంతెన పరీక్షలను గూర్చి విచారించునప్పుడు ఈ సంగతి మరువరాదు. ఏ పరికరము ఎంత లోతు చూడగలదు అన్నదే మొదటి ప్రశ్న.

అన్నిటికంటె సులువైనది సుత్తి. అనుభవముగల మనిషి దూలమును వరుసగా తట్టుచు పోవును. పైనుండి రెండు మూడు అంగుళముల లోతున పెచ్చు విడివడియున్నచో ఆ చోట శబ్దము డొల్లగా వినవచ్చును. ఇదే సుత్తిని 1948 ప్రాంతమున స్విట్జర్లాండు ఇంజనీరు ఎర్నెస్టు ష్మిట్ యంత్రముగా మార్చెను. స్ప్రింగుతో బిగించిన ఒక ఉక్కుముద్ద కాంక్రీటుమీద నాటిన కడ్డీని కొట్టి వెనుకకు ఎగురును. ఎంత ఎగిరినదో ఒక కొలబద్ద చూపును. గట్టి ఉపరితలమైనచో ఎక్కువ ఎగురును. ఈ పరికరము చౌక, పని త్వరగా జరుగును. కాని ఇది పలుకునది పైనున్న మూడు సెంటీమీటర్ల మందమును గూర్చి మాత్రమే. పాత కాంక్రీటు ఉపరితలము గాలిలోని బొగ్గుపులుసు వాయువును పీల్చుకొని గట్టిపడియుండుట వలన బలము లేనిదానికి బలము చూపుటయు కలదు. 1992 నాటి భారత ప్రమాణము ఈ సుత్తి చెప్పు బలము నూటికి ఇరువదియైదు పాళ్లు అటునిటు కావచ్చునని హెచ్చరించినది. దూలము లోపలి గుల్లను ఇది చూపజాలదు. ఉపరితలము అంతయు ఒకే తీరుగ నున్నదా లేదా అని చెప్పుటకు మాత్రము పనికి వచ్చును.

లోపలికి పోవలెనన్నచో ధ్వనినే పంపవలెను. చెవికి వినబడని హెచ్చు స్వరము గల ధ్వనిని, సామాన్యముగా సెకనుకు 54,000 కంపనములు గలదానిని, దూలము ఒక ప్రక్కనుండి పంపి రెండవ ప్రక్కన అందుకొందురు. ఎంత కాలములో దాటినదో మైక్రోసెకనులలో, అనగా సెకనులో పదిలక్షవ వంతులలో కొలుతురు. దూలము మందమును ఆ కాలముతో భాగించినచో వేగము తెలియును. మంచి కాంక్రీటులో ధ్వని సెకనుకు నాలుగు కిలోమీటర్లకు మించి పోవును. నీటిలో అది ఒకటిన్నర కిలోమీటరు, గాలిలో కిలోమీటరులో మూడవవంతు మాత్రమే. కాబట్టి మధ్యలో గుల్ల యున్నచో ధ్వని దానిని చొచ్చిపోదు, చుట్టు తిరిగి పోవును. దారి పెరుగును గనుక ఆలస్యమగును. 1992లో వెలువడిన భారత ప్రమాణము వేగము 4.5 కిలోమీటర్లకు మించినచో శ్రేష్ఠమనియు, 3.5 నుండి 4.5 వరకు మంచిదనియు, 3.0 నుండి 3.5 వరకు మధ్యమమనియు, అంతకు తగ్గినచో సందేహాస్పదమనియు తరగతులు ఏర్పరచినది. తరువాతి ప్రమాణములలో ఈ హద్దులు కొంత సవరింపబడినవి. విధానము మాత్రము అదే.

ఇక్కడ ఒక చిన్న లెక్క చేయుట మంచిది. ముప్పది సెంటీమీటర్ల మందముగల దూలమును తీసికొందము. అందులో వేగము సెకనుకు 4.3 కిలోమీటర్లు అనుకొందము. ధ్వని దానిని దాటుటకు సుమారు 70 మైక్రోసెకనులు పట్టును. సరిగా నడుమ ఇరువది సెంటీమీటర్ల వెడల్పుగల గుల్ల యున్నదనుకొన్నచో, ధ్వని దాని అంచును చుట్టి పోవు దారి 36 సెంటీమీటర్లు. పట్టు కాలము సుమారు 84 మైక్రోసెకనులు. పరికరమునకు గుల్ల సంగతి తెలియదు. అది ముప్పది సెంటీమీటర్లను 84తో భాగించి వేగము 3.57 కిలోమీటర్లని చెప్పును. పట్టిక చూచినచో ఈ కాంక్రీటు ‘మంచిది’ అను తరగతిలోనే పడును! జానెడంత గుల్ల కడుపులో పెట్టుకొనియు దూలము పరీక్షలో నెగ్గినది.

ఇందుకు తప్పు పరికరముది కాదు, ఒక్క అంకెను చూచి తీర్పు చెప్పువారిది. దూలముమీద ముప్పదేసి సెంటీమీటర్లకు ఒక చుక్క చొప్పున గళ్లు గీచి, ప్రతి చుక్క వద్దను కొలిచి, అంకెలను పటముగా వ్రాసినచో సంగతి బయటపడును. చుట్టునున్న చుక్కలన్నియు 4.3 చెప్పుచుండగా ఒక్కచోట 3.57 వచ్చినచో అచ్చట ఏమో యున్నదన్నమాట. ఒంటరి అంకె కంటె ఇరుగుపొరుగు అంకెల మధ్య తేడాయే ఎక్కువ చెప్పును. అంతేకాక, గుల్ల ఆరు సెంటీమీటర్లే అయినచో ఆలస్యము ఒకటి రెండు మైక్రోసెకనులకు మించదు. అది కొలతలోని సహజమైన హెచ్చుతగ్గులలోనే కలిసిపోవును. 54,000 కంపనముల ధ్వనికి కాంక్రీటులో తరంగము పొడవు ఏడెనిమిది సెంటీమీటర్లు. అంతకంటె చిన్న లోపమును అది స్పష్టముగా చూపజాలదు. తీగెల గొట్టములోని ఖాళీ సాధారణముగా ఈ కొలతకంటె చిన్నదే.

తడి కూడ ఈ కొలతను మార్చును. చెమ్మగిలిన కాంక్రీటులో వేగము కొంత హెచ్చుగా కానవచ్చును. సన్నని పగులులో నీరు నిండియున్నచో ధ్వని దానిని దాటిపోవును. ఆ పగులే ఎండినప్పుడు ధ్వనిని అడ్డగించును. వానల వెంటనే పరీక్షించి బాగున్నదన్న దూలమును మరల వేసవిలో పరీక్షించుట అందువలననే మేలు. అట్లని మన వేసవి మిట్టమధ్యాహ్నము కొలుచుటయు తగదు. కాంక్రీటు వేడిమి ముప్పది డిగ్రీలు దాటిన కొలది వేగము తగ్గిపోవుట ప్రమాణములలోనే చెప్పబడినది. రాయలసీమ ఎండలో కాగిన దూలమును ఉదయము చల్లని వేళ కొలుచుట ఉత్తమము.

దూలమునకు రెండు ప్రక్కలను అందుకొనుటకు వీలులేనిచోట, ఒక ప్రక్కనుండియే కొట్టి ప్రతిధ్వనిని వినవలెను. 1980ల దశాబ్దమున అమెరికాలోని జాతీయ ప్రమాణముల సంస్థయందు మేరీ సాన్సలోన్, నికొలాస్ కరీనో అనువారు ఈ పద్ధతిని శాస్త్రీయముగా తీర్చిదిద్దిరి. చిన్న ఉక్కుగుండుతో కాంక్రీటును తట్టుదురు. ఆ తాకిడి లోనికి పోయి, ఎదుటి ముఖమునకు తగిలి, తిరిగివచ్చి, మరల పోయి, ఇట్లు అటునిటు పరుగిడుచుండును. సెకనుకు ఎన్నిమార్లు పరుగిడినదో ఒక స్వరముగా పరికరము గుర్తించును. సెకనుకు నాలుగువేల మీటర్ల వేగమున, ఇరువది సెంటీమీటర్ల మందమునకు ఆ స్వరము సుమారు పదివేల కంపనములు. నడుమ పదవ సెంటీమీటరు వద్ద గుల్ల యున్నచో తాకిడి అక్కడినుండియే తిరిగివచ్చును. అప్పుడు స్వరము ఇరువదివేల కంపనములగును. సంగీతము వినువారికి దీనిని సులువుగా చెప్పవచ్చును: లోతు సగమైనచో స్వరము సరిగా ఒక స్థాయి పైకి పోవును. మధ్యస్థాయి షడ్జమము వినబడవలసినచోట తారస్థాయి షడ్జమము వినబడినదన్నమాట. కుండను తట్టి వినుటకును దీనికిని మూలము ఒక్కటే. చెవి ‘బాగు, బాగులేదు’ అని చెప్పును. పరికరము ఎంత లోతున బాగులేదో కూడ చెప్పును. ఇనుప గొట్టములో సిమెంటు పాలు నిండినవో లేదో కనుగొనుటకు ఈ పద్ధతి కొంతవరకు ఉపయోగపడుచున్నది. ఐనను గొట్టములు ఒకదానివెనుక నొకటి యున్నచో వెనుకది ముందుదాని నీడలో దాగిపోవును.

రేడియో ఇంటనున్నవారికి మూడవ పద్ధతి మరింత చుట్టము. అది రేడియో తరంగముల పద్ధతి. మధ్యతరంగ ప్రసారమున 900 కిలోహెర్ట్జుల తరంగము పొడవు సుమారు 333 మీటర్లు. దానికి ఒక దూలము కానరాదు. కాని అదే జాతి తరంగమును సెకనుకు నూటయరువది కోట్ల కంపనములకు పెంచినచో కాంక్రీటులో దాని పొడవు ఏడెనిమిది సెంటీమీటర్లకు దిగును. దీనిని చిన్న పెట్టెనుండి దూలములోనికి పంపి, తిరిగివచ్చు ప్రతిబింబమును తెరమీద చూతురు. ఇనుము రేడియో తరంగమును అద్దమువలె త్రిప్పికొట్టును గనుక కమ్మీలు ఎక్కడ, ఎంత లోతున, ఎంత ఎడముగా నున్నవో స్పష్టముగా తెలియును. పాత వంతెన కట్టినప్పటి పటములు దొరకనిచో ఇది ఎంతో మేలు. కాని అద్దమువెనుక ఏమున్నదో అద్దము చూపదు. తీగెలు ఇనుప గొట్టములో నున్నచో రాడారు గొట్టమును చూచునేగాని లోపలి ఖాళీని చూడలేదు. గొట్టము ప్లాస్టిక్కుదైనచో లోపలికి చూడగలదు. కాంక్రీటు తడిగా నున్నచో తరంగము త్వరగా క్షీణించును. ధ్వనికిని, రేడియో తరంగమునకును ఇట్లు ఒకదాని బలహీనత మరియొకదాని బలము. రెండింటిని కలిపి వాడుట అందువలన అలవాటైనది.

కమ్మీకి తుప్పు మొదలైనదా అనుటకు విద్యుత్తు సహాయము తీసికొందురు. ఒక కమ్మీని కొంచెము బయటపెట్టి వోల్టుమీటరు ఒక కొసను దానికి తగిలించి, రెండవ కొసకు మైలుతుత్తపు ద్రావణములో రాగికడ్డీ ఉంచిన చిన్న గొట్టమును కట్టి, ఆ గొట్టమును కాంక్రీటుమీద చుక్క చుక్కకు ఆనించుచు పోవుదురు. కొలత మైనస్ 350 మిల్లీవోల్టులను మించి క్రిందికి పోయినచో తుప్పు సాగుచున్నదనుటకు నూటికి తొంబదిపాళ్లు అవకాశమున్నదని అమెరికా ప్రమాణము చెప్పును. మైనస్ 200కు పైనున్నచో అంతే నమ్మకముగా తుప్పు లేదనవచ్చును. ఈ రెంటి నడుమ వచ్చినచో నిశ్చయము లేదు. ఇది తుప్పు జరుగుచున్నదా అని చెప్పునే కాని ఎంత ఇనుము పోయినదో చెప్పదు. ఎక్సురే, గామా కిరణములతో ఛాయాచిత్రము తీయుటయు కలదు. అందులో తెగిన తీగె కూడ కానరావచ్చును. కాని మందమైన కాంక్రీటునకు బలమైన కిరణములు కావలెను. పరిసరములనుండి జనమును తొలగింపవలెను, అణుశక్తి నియంత్రణ మండలి నిబంధనలు పాటింపవలెను. కాబట్టి దానిని అరుదుగానే వాడుదురు.

ఇన్ని పరీక్షలు చేసిన పిమ్మటను సందేహము మిగిలినచో వంతెననే అడుగవలెను. లెక్కించిన బరువును దానిమీద అంచెలంచెలుగా ఉంచి, ఇరువదినాలుగు గంటలు నిలిపి, ఎంత వంగినదో కొలుతురు. బరువు తీసివేసిన ఇరువదినాలుగు గంటలకు ఎంతవరకు తిరిగి లేచినదో చూతురు. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ నియమము ప్రకారము మామూలు కమ్మీల కాంక్రీటు దూలము వంగినదానిలో నూటికి 75 పాళ్లు, ప్రీస్ట్రెస్డ్ దూలము 85 పాళ్లు తిరిగి లేవవలెను. ఇది దూలము నేడు మోయగలదా అను ప్రశ్నకు సమాధానము. లోపల తుప్పు మొదలై, మరి పదేండ్లకు ఏమగునో ఈ పరీక్ష చెప్పదు. ఆ ముందుచూపునకు పైన చెప్పిన ధ్వని, రేడియో, విద్యుత్ పరీక్షలు కావలెను.

కాబట్టి మంచి పరీక్షకు ఒక క్రమము కలదు. మొదట పటములు, కట్టిననాటి రికార్డులు చూడవలెను. తరువాత కంటితో చూచి, సుత్తితో తట్టి అనుమానాస్పదమైన చోట్లు గుర్తింపవలెను. పిమ్మట కమ్మీల జాడ కనుగొని, వానిని తప్పించి ధ్వనిపరీక్ష గళ్లు గీయవలెను. పటములో వేరుగా కనిపించినచోట ప్రతిధ్వని పరీక్షయు, రాడారును ప్రయోగింపవలెను. రెండు మూడు పద్ధతులు ఒకే చోటును చూపినచో అచ్చటనే, అచ్చట మాత్రమే, వ్రేలంత రంధ్రము తొలిచి చిన్న దీపపు గొట్టముతో లోపలికి చూడవలెను. ఈ చిన్న రంధ్రము చెరుపని పరీక్షలకు విరుద్ధము కాదు. వానికి అది సాక్ష్యము. ఇట్టి సాక్ష్యము లేకుండ రంగురంగుల పటములనుబట్టి మాత్రమే తీర్పు చెప్పుట మంచిది కాదు. మన దేశమున చెన్నైలోని స్ట్రక్చరల్ ఇంజనీరింగ్ పరిశోధన కేంద్రము, ఢిల్లీలోని కేంద్ర రహదారుల పరిశోధన సంస్థ ఇట్టి పరీక్షలలో అనుభవముగల ప్రభుత్వ సంస్థలు.

తీర్పు తప్పినచో నష్టము రెండు విధములు. లోపమున్న దూలమును మంచిదనినచో ప్రాణములకు ముప్పు. ఇది అందరికిని తెలిసినదే. మంచి దూలమును చెడ్డదనినచో ఏమగును? వంతెన మూతపడును. బస్సులు చుట్టు తిరిగిపోవును. కూలివానికి అరపూట పోవును, రోగికి గంట పోవును, పంటకు ధర పోవును. జమ్మలమడుగు వంతెన కుంగినప్పుడు ముద్దనూరు దారి మూతపడి జనము పడిన ఇబ్బంది ఈ ప్రాంతమువారికి చెప్పనక్కరలేదు. ఉన్న వంతెన ఇంకను పది పదునైదేండ్లు పనిచేయునని నమ్మకముగా తెలిసికొన్నచో ఆ ధనముతో వంతెన లేని వాగుమీద క్రొత్తది కట్టవచ్చును. పరీక్ష ఖర్చు వంతెన ఖర్చులో స్వల్పభాగము. అందువలన ఇది భయము పోగొట్టుటకే కాక ప్రజాధనము పొదుపు చేయుటకును సాధనము.

దూలములను ఎంత జాగ్రత్తగా పరీక్షించినను, పునాది క్రింది ఇసుక పోయినదా లేదా అన్నది ఈ పరికరములకు తెలియదు. 2021 నవంబరులో మన జిల్లాలో జరిగిన నష్టములు ఆ కోవలోనివి. ప్రతి పెద్ద వరద తరువాత స్తంభముల మొదట ఎంత లోతు కోసుకొనిపోయినదో వేరుగా కొలువవలెను. దూలము బాగున్నదను యోగ్యతాపత్రము పునాదికి వర్తింపదు.

ఇక మనవంటి సామాన్యులు చేయగల పని కొంత కలదు. నదిలో నీరు లేని దినములలో వంతెన క్రిందనుండి నడచిపోవువారు, పశువులను తోలుకొనిపోవువారు ఎందరో కలరు. వారు తలయెత్తి దూలము అడుగుభాగమును ఒకమారు చూడవలెను. కమ్మీ వెంబడి నిలువుగానో అడ్డముగానో సాగిన పగులు, తుప్పురంగు చార, సున్నపు నీరు కారి గడ్డకట్టిన తెల్లని తీగలు, ఊడిన పెచ్చు, బయటపడిన కమ్మీ, వాన వెలిసిన దినములకు కూడ ఆగక కారుచున్న నీరు, ఒకచోట మాత్రము క్రొత్తగా సిమెంటు పూసిన మచ్చ – వీనిలో ఏది కనిపించినను రోడ్లు భవనముల శాఖ కార్యాలయమునకు తెలుపవలెను. వంతెన పేరు, ఎన్నవ స్తంభము, ఏ వైపు అని వ్రాసి, ఫొటో జతచేసినచో ఇంజనీరుకు పని సులువగును. పైని నీరు పోవు తూములు మట్టితో పూడిపోయినచో అదియు చెప్పదగినదే. కాంక్రీటులోనికి నీరు దిగుటకు అదే తొలిదారి. తెలిపిన తరువాత సమాధానము రానిచో మరల అడుగుట మన హక్కు. పరీక్ష జరిగినదా, ఏ పద్ధతులతో జరిగినది, గళ్లు గీచి కొలిచిరా, సందేహము వచ్చినచోట తొలిచి చూచిరా అని అడుగుటకు ఇంజనీరింగు పట్టము అక్కరలేదు.